ఎవరికోసమో వేసిన బాటలు

స్పెయిన్ కొండల్లో మౌంటెన్ బైకు తొక్కేవారికి దొరికే బాటల్లో సైకిలు కోసమని వేసినవి చాలా తక్కువ. కొన్ని గొర్రెల మందల కోసం పడ్డాయి, కొన్ని కంచర గాడిదల కోసం. సాగునీటి కాలువను కనిపెట్టుకుని ఉండే మనిషి నడవడానికి వేసుకున్నవి కొన్ని. ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడానికి, పైన్ మొక్కల లారీలు ఎక్కడానికి తవ్వినవి మరికొన్ని. ఆ పనులు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి, బాటలు మాత్రం మిగిలాయి. లావు టైర్ల సైకిలు వాటికి ఆఖరున తగిలిన గిరాకీ. అందుకే అక్కడ బాట ఏ వాలులో పోతోందో చూస్తే, దాన్ని ఎవరు ఏ పని మీద వేశారో సగం తెలిసిపోతుంది.

బయటివారికి స్పెయిన్ అంటే సముద్రతీరం గుర్తొస్తుంది గానీ, ఆ దేశం అసలు రూపం పీఠభూమి. సగటు ఎత్తు సుమారు 650 మీటర్లు. రాజధాని మాడ్రిడ్ కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంది. మధ్యలో మెసెతా అనే విశాలమైన మెరక. దాని చుట్టూ, అడ్డంగా కొండల వరుసలు: ఉత్తరాన కాంటాబ్రియన్ కొండలు, ఫ్రాన్స్ సరిహద్దున పిరనీస్, తూర్పున ఐబీరియన్ కొండలు, దక్షిణాన సియెర్రా మొరేనా, ఇంకా కిందికి సియెర్రా నెవాడా. ఈ చివరి దానిలోని ముల్హాసేన్ శిఖరం దాదాపు 3,480 మీటర్లతో ఐబీరియన్ ద్వీపకల్పంలో అన్నిటికన్నా ఎత్తు. ఎటు బయల్దేరినా ఒక పూట తొక్కేలోపు ఏదో ఒక కనుమ ఎదురు నిలుస్తుంది.

అన్నిటికన్నా పాతవి గొర్రెల పుంతలు. ఎండాకాలం ఉత్తరపు కొండల్లో పచ్చిక, చలికాలం దక్షిణాన ఎస్త్రెమదూరా, అండలూసియా మైదానాల్లో మేత. ఈ రెంటి మధ్య మందలు ఏటా వందల కిలోమీటర్లు నడిచేవి. కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో 1273లో గొర్రెల ఆసాముల సంఘానికి రాజముద్ర వేసి ఇచ్చాడు. మెస్తా అనే ఆ సంఘం 1836 దాకా బతికింది. మెరీనో ఉన్ని ఖజానాకు బంగారం లాంటిది కాబట్టి, రైతు గోధుమ పొలం కన్నా గొర్రె నడిచే దారికే శతాబ్దాల పాటు చెల్లుబాటు ఎక్కువ. దారిలోకి నాగలి దించిన రైతుకు జరిమానా పడేది. గొర్రెల కాపరి అంటే పేదవాడని మనకు తోస్తుంది. అక్కడ మాత్రం గొర్రెల వెనక నిలబడ్డవారు మఠాధిపతులు, ప్రభువులు.

ఆ పెత్తనమే ఇవాళ్టి సైకిలువాడికి కలిసొచ్చింది. పెద్ద పుంతను 'కన్యాదా రియాల్' అంటారు. దాని వెడల్పు 90 కాస్టీల్ గజాలని పాత కొలత, అంటే 75.22 మీటర్లు. దానికి సగం వెడల్పున్నది కోర్దెల్, 25 గజాలది వెరేదా. దేశమంతటా ఇవి కలిపి సుమారు 1,25,000 కిలోమీటర్లు అంటారు. స్పెయిన్ భూమిలో దాదాపు నూటికి ఒక వంతు. కొన్నిటి మీద తారు రోడ్లు పడ్డాయి, కొన్నిటిని పక్క పొలాలవాళ్లు సాలుకింత చొప్పున కలుపుకున్నారు. మిగిలినవాటిని 1995 నాటి చట్టం ప్రభుత్వ ఆస్తిగా ఖాయం చేసింది: అమ్మడానికి లేదు, ఎన్నేళ్లు ఆక్రమించుకున్నా హక్కు పుట్టదు. అదే చట్టం కాలినడకకు, గుర్రపు స్వారీకి, మోటారు లేని వాహనాలకు ఆ దారుల్లో చోటిచ్చింది. షరతు ఒక్కటే, మంద వస్తే దారి మందది.

ఆ షరతు కాగితం మీది ముచ్చట కాదు. తెరుయేల్ ప్రాంతంలోని మొంతెస్ ఉనివెర్సాలెస్ కొండల ఊళ్ల నుంచి కొందరు ఇప్పటికీ పశువులను, గొర్రెలను తోలుకుని చలికాలానికి దక్షిణాన సియెర్రా మొరేనాకు నడిచే వెళతారు. 1994 నుంచి మాడ్రిడ్ నడిబొడ్డున ప్రతి శరత్కాలం గొర్రెల మంద ఒకటి నడుస్తుంది. 1418 నాటి ఒప్పందాన్ని గుర్తుచేస్తూ కాపరులు వెయ్యి గొర్రెలకు 50 పాత మరవేదీ నాణేల చొప్పున నగరానికి చెల్లిస్తారు. చూడ్డానికి అది వేడుకే గానీ, ఆ వీధి కూడా లెక్క ప్రకారం పుంతేనని ఏటా హక్కు చాటుకోవడం దానిలోని అసలు పని. 2023లో స్పెయిన్ మందల వలస యునెస్కో జాబితాలో చేరింది.

తొక్కేవాడి వైపు నుంచి చూస్తే పుంత మహా తిరకాసు దారి. గొర్రెకు గమ్యం తొందర లేదు, పచ్చిక కావాలి. అందుకే పుంత లోయలోకి దిగకుండా గట్టు వీపు మీదే సాగుతుంది. అక్కడ గాలి ఎక్కువ, నీడ తక్కువ, నీళ్లు లేవు. డెబ్భై అయిదు మీటర్ల వెడల్పులో ఏ గీత మీద తొక్కాలో ఎవరూ చెప్పరు. గడ్డిలో మాసిపోయిన నాలుగైదు కాలిదారుల్లో ఒకటి ఎంచుకోవాలి, అది కాసేపటికి ముళ్లపొదలో ఆగిపోతుంది. హద్దురాళ్లు కనిపిస్తే అదృష్టం. ఇంత చికాకున్నా, రోజంతా కంచె గానీ గేటు గానీ లేకుండా కొండ వీపున పోవడం పశ్చిమ ఐరోపాలో అంత తేలిగ్గా దొరికేది కాదు.

కంచర గాడిదల బాట దీనికి పూర్తిగా వేరు. అది కొండ ఊరిని కొండ ఊరితో కలిపేది. బరువు మోసే జంతువు నిటారుగా ఎక్కలేదు కాబట్టి బాట మెలికలు తిరుగుతుంది. లోయవైపు సున్నం లేకుండా పేర్చిన రాతికట్టు, పైన పరుపురాళ్లు. వాన నీరు బాటనే వాగుగా చేసుకోకుండా, అక్కడక్కడ పలకరాళ్లను ఏటవాలుగా అడ్డం పాతారు. అవి నేల మీద నాలుగు వేళ్ల ఎత్తున లేచి ఉంటాయి. దిగుడులో ముందు చక్రం ఆ రాయికి సూటిగా తగిలితే ఎగిరి దాటుతుంది. ఓరగా తగిలితే, అందులోనూ రాయి తడిగా ఉంటే, చక్రం రాయి వెంబడే జారి మనిషిని రాతికట్టు అవతలికి పంపుతుంది. మెలిక దగ్గర బాట వెడల్పు గాడిద తిరగడానికి సరిపోయేంతే. పొడవైన సైకిలు అక్కడ వెనక చక్రం ఎత్తి తిప్పితే గానీ తిరగదు.

ఇలాంటి బాటలకు పెట్టింది పేరు పిరనీస్ దిగువన, అరగాన్‌లోని ఐన్సా పట్నం చుట్టుపక్కల సొబ్రార్బె ప్రాంతం. ఊళ్లు ఖాళీ అయ్యాక దశాబ్దాలుగా పొదలు మూసేసిన బాటలను స్థానిక సైకిలు మనుషులే కత్తులు, రంపాలు పట్టుకుని తెరిచారు. ఆ బాటల గుంపుకు 'సోనా సెరో' అని పేరు పెట్టుకున్నారు. 2015లోనూ 2018లోనూ ప్రపంచ ఎండ్యూరో సైకిలు పోటీల్లో ఒక అంచె అక్కడ జరిగింది. బూడిదరంగు సున్నపు మట్టి గట్ల మీద, రెండు వైపులా జారుడున్న సన్నని వెన్నుల మీద పరుగెత్తే ఆ దారుల ఫొటోలు సైకిలు పత్రికల్లో తెగ కనిపిస్తాయి. ఆ గట్టు పక్కన పైకప్పు కూలిన ఇళ్లున్న ఊరు ఫొటోలోకి రావడం అరుదు.

ఆ ఊళ్లలో రెండిటి సంగతి చెప్పుకోవాలి. ఐన్సాకు దక్షిణాన మెదియానో ఊరు 1969లో జలాశయం కింద మునిగింది. గుడి గోపురం ఇప్పటికీ నీళ్లలోంచి తల ఎత్తి ఉంటుంది. పడమటన ఆరా నది ఒడ్డున హానోవాస్‌ది ఇంకా విచిత్రమైన కథ. ఆనకట్ట కడతామని 1960లలో జనాన్ని లేవగొట్టి, తిరిగి రాకుండా ఇళ్లను పేల్చేశారు. మొండికేసిన చివరి కుటుంబం 1984లో కదిలింది. ఆనకట్ట మాత్రం రాలేదు. పర్యావరణానికి తగదని 2001లో తేల్చి ఆపేశారు. ఇప్పుడు పాత కుటుంబాల వారసులు తమ భూములను తామే మళ్లీ డబ్బు కట్టి తీసుకుని, గోడలు లేపుతున్నారు. సైకిలుకు ఆ బాటలు ఖాళీగా దొరికాయంటే ఊరికే దొరకలేదు.

దక్షిణాన సియెర్రా నెవాడా దిగువ లోయల్ని అల్పుహర్రా అంటారు. అక్కడి బాటలకు మూలం నీళ్లు. మధ్యయుగంలో ముస్లిం రైతులు తవ్విన కాలువలు, 'అసేకియా'లు, ఈనాటికీ పారుతున్నాయి. కాలువ గట్టున అరగజం వెడల్పు నడకదారి ఉంటుంది. పూడిక తీసేవాడు, మడవ తిప్పేవాడు నడవడానికి. నీరు పారాలి కాబట్టి వాలు ఉందా లేదా అన్నట్టుంటుంది. కొండ ఎంత నిటారైనా ఆ దారి మాత్రం దాదాపు సమంగా పోతుంది. తొక్కడానికి హాయి, కానీ ఒక వైపు కాలువ, మరో వైపు లోయ. గట్టు తెగితే కింద తోటలన్నీ ఎండుతాయి గనుక, మెత్తబడిన చోట దిగి నడిపించుకుపోవడం మర్యాద.

ఈ కాలువల్లో ఒక రకం చూడ్డానికి పొరపాటులా ఉంటుంది. రెండు వేల మీటర్ల పైన మంచు కరిగిన నీటిని కాలువ పట్టి కొంతదూరం తీసుకెళ్లి, ఒక చోట కావాలనే కొండవాలు మీదికి వదిలేస్తారు. నీరు పగుళ్లలోకి ఇంకిపోతుంది. వారాలు, నెలలు గడిచాక, మంచు జాడే లేని ఎండాకాలంలో, అదే నీరు దిగువ ఊళ్ల ఊటల్లో పైకి వస్తుంది. ఆ ఇంకుడు కాలువల్లో చాలా భాగం పట్టించుకునేవారు లేక మూసుకుపోతే, గ్రనాడా విశ్వవిద్యాలయంలోని ఒక పరిశోధక బృందం 2014 నుంచి ఊళ్లవాళ్లతో, స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి వాటిని తవ్వి తీస్తోంది. జులైలో అల్పుహర్రా ఊరి చప్టా దగ్గర సీసా నింపుకునే సైకిలువాడు తాగేది వసంతంలో ఎవరో కొండకు తాపిన నీళ్లు. పంపనేయ్‌రా, బుబియోన్, కపిలేయ్‌రా ఊళ్లలో ఇళ్లకు చదును కప్పులు. వాటి మీద పరిచే బూడిదరంగు బంకమన్ను, రాయలసీమ మిద్దెల మీద చౌడు చేసే పనే చేస్తుంది. ఆ కప్పులు వేసే పద్ధతి నేర్పినవారు అక్కడ మిగల్లేదు. ఆ ముస్లిం రైతుల వారసులైన మోరిస్కోలు 1568లో తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణిచాక వాళ్లను వెళ్లగొట్టి, వాయవ్యం నుంచి తెచ్చిన కుటుంబాలను అక్కడ దింపారు.

కొండకు మధ్య ఎత్తున, వెడల్పుగా, మెత్తని వాలుతో చుట్టిపోయే మట్టిరోడ్లు ఇరవయ్యో శతాబ్దపు అటవీశాఖ పని. వాటిని 'పిస్తా'లంటారు. నియంత ఫ్రాంకో ప్రభుత్వం 1941 నుంచి పెద్దయెత్తున పైన్ చెట్లు నాటించింది. జలాశయాల్లో మట్టి మేట వేయకుండా ఆపడం ఒక కారణం, ఊళ్లలో పని చూపించడం ఇంకొకటి. మొక్కలు, మనుషులు ఎక్కాలి కాబట్టి లారీ మోయగల వాలులో దారులు తవ్వారు. సియెర్రా నెవాడా చుట్టూ సుమారు 450 కిలోమీటర్లు తిరిగే త్రాన్స్‌నెవాడా, కసోర్లా కొండల్లో దాదాపు 480 కిలోమీటర్ల జీఆర్ 247 దారులు చాలావరకు వీటి మీదే సాగుతాయి. ఏ ఊపిరితిత్తులకైనా సరిపడే దారులివి. నిజం చెప్పాలంటే కాస్త విసుగు కూడా. ఒకే రకం చెట్టు, ఒకే రకం మలుపు, గంటల తరబడి. మధ్యమధ్య కొండను నిట్టనిలువునా చీరుకుంటూ పోయే బోడి చారలు మంటలు వ్యాపించకుండా కొట్టినవి. మ్యాపులో అడ్డదారిలా కనిపించే ఆ చారను నమ్మి ఎక్కబోయినవాడు సైకిలును భుజాన మోయాల్సిందే.

రైలు కోసం వేసిన దారిని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక. మామూలు రైలింజను రెండు మూడు శాతం మించిన వాలు ఎక్కడం కష్టం, అందుకే సొరంగం తవ్వుతుంది, వంతెన కడుతుంది గానీ లొంగదు. వాడకం మానిన రైలు మార్గాలను 1993 నుంచి 'వియా వెర్దె', పచ్చబాటలుగా మారుస్తున్నారు. ఇప్పటికి మూడు వేల కిలోమీటర్లు దాటాయి. వాటిలో అండలూసియాలోని ఒల్వెరా, పుయెర్తో సెర్రానో ఊళ్ల మధ్య 36 కిలోమీటర్ల దారిది గమ్మత్తైన పుట్టుక. 1920లలో ముప్ఫై సొరంగాలు తొలిచారు, వంతెనలు లేపారు, స్టేషన్లు కట్టారు, ఆ తర్వాత డబ్బూ ఆసక్తీ అయిపోయాయి. ఒక్క రైలూ నడవలేదు. ఆ దారి పక్కన సఫ్రమగోన్ అనే బండ మీద వందల రాబందులు కాపురముంటాయి.

ఇక మనుషులే కరువైన చోట వేసిన దారి మొంతాన్యాస్ వసీయాస్, అంటే ఖాళీ కొండలు. తెరుయేల్ పట్నం నుంచి బయల్దేరి అక్కడికే తిరిగొచ్చే సుమారు 680 కిలోమీటర్ల వలయం అది. తెరుయేల్, గ్వాదలహారా, క్వెంకా జిల్లాల ఎగువ ప్రాంతాల్ని చుట్టుకొస్తుంది. తాహో నది పుట్టేది అక్కడే. ఆ కొండల్లో కొన్ని చోట్ల చదరపు కిలోమీటరుకు ఇద్దరు మనుషులు కూడా లేరు. అందుకే పత్రికలు దాన్ని దక్షిణ లాప్‌ల్యాండ్ అంటాయి. 1950 తర్వాత పాతికేళ్లలో జనం మాడ్రిడ్, బార్సెలోనా, వాలెన్సియా ఫ్యాక్టరీలకు తరలిపోయారు. ఈ దారికి కొత్తగా తవ్వింది ఏమీ లేదు, రంగు గుర్తులు కూడా లేవు. పాత పుంతలను, పిస్తాలను ఒక స్థానిక సైక్లిస్టు జీపీఎస్ గీతగా కలిపి, నీటి ఊటలు, తలదాచుకునే కాపరి గుడిసెలు, తెరిచి ఉండే కొట్లు ఎక్కడున్నాయో రాసిపెట్టాడు, అంతే. ఊరి బారే అక్కడ కొట్టు, కబుర్ల అరుగు, ఒక్కోసారి సైకిలు రిపేరు షాపు కూడా. అది మూసి ఉన్న రోజు చేరుకుంటే ఆ పూట పస్తు.

ఆ ప్రాంతంలో భయపడాల్సింది ఎత్తుకు కాదు, బురదకు. ఎర్ర బంకమట్టి పిస్తా మీద పది నిమిషాల వాన చాలు. మట్టి టైరుకు పట్టుకుంటుంది, దానికి గడ్డిపరకలు, గులకరాళ్లు అంటుకుంటాయి, ముద్ద పెరిగి ఫోర్కుకూ టైరుకూ మధ్య ఇరుకులో బిగుసుకుని చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకి పదడుగులు వేస్తే మళ్లీ అదే కథ. నెట్టడానికి వీల్లేదు, తిరగని చక్రాన్ని నెట్టలేరు. ఎత్తబోతే సైకిలు రెట్టింపు బరువు. తెలిసినవారు వాన మొదలవగానే తారురోడ్డు ఎక్కేస్తారు, లేదా చెట్టు కింద కూర్చుని ఎండ కోసం చూస్తారు. చలికాలం ఆ ఊసే ఎత్తకూడదు. తెరుయేల్ జిల్లాలోని కలమోచా దగ్గర 1963 డిసెంబరులో సున్నాకు 30 డిగ్రీల దిగువన చలి నమోదైంది. అండలూసియా లోతట్టులో దీనికి తలకిందులు: జులై, ఆగస్టుల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. తొక్కడానికి రెండు చోట్లా మేలైనవి వసంతం, శరత్తు.

చిన్న శత్రువులూ ఉన్నారు. అనంతపురం చేలగట్ల మీద చెప్పుల్లో దిగే పల్లేరుకాయే, అదే మొక్క, స్పెయిన్ దారుల్లో టైర్లలో దిగుతుంది. ట్యూబు తీసేసి లోపల జిగురు ద్రవం పోసుకుంటే గానీ అక్కడ పూట గడవదు. గొర్రెల మంద కనిపిస్తే దాని మధ్యలో గొర్రె రంగులోనే పడుకున్న మాస్తీన్ కుక్క ఉండొచ్చు. తోడేళ్లను ఎదిరించడానికి పెంచిన జాతి అది, మనిషంత బరువు తూగుతుంది. దాని ముందు వేగం పెంచితే వెంటపడుతుంది. దిగి, సైకిలును అడ్డం పెట్టుకుని, మెల్లగా మందకు దూరంగా నడిచిపోతే మొరిగి ఊరుకుంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వారాంతాల్లో అడవిపంది వేట జరుగుతుంది. దారి మొదట్లో వేట హెచ్చరిక బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగడం తప్ప చేయగలిగింది లేదు. సింధూర చెట్ల మేతబీళ్లలో గేటు మూసి ఉంటే తీసి వెళ్లి మళ్లీ మూయాలి. తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి.

సైకిలు ఏ బాటలో పోవచ్చన్న విషయంలో స్పెయిన్‌కు ఒకే నియమం లేదు. పదిహేడు స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, ఎవరి రూలు వారిది. జాతీయ పార్కుల్లో చాలాచోట్ల నిర్ణయించిన దారుల్లోనే అనుమతి. సియెర్రా నెవాడాలో కపిలేయ్‌రా నుంచి వెలేతా శిఖరం వైపు కొండ దాటే పాత రోడ్డు మీద సొంత కార్లను ఆపేశారు, సైకిళ్లను వదిలారు. సన్నబాటల మీద మాత్రం నడిచేవారికీ తొక్కేవారికీ తగాదాలు ఉన్నాయి. చక్రం నేలను కోస్తుందని ఒకరు, తొక్కేవాళ్లు తెరవకపోతే బాటే ఉండదని ఇంకొకరు. రెండూ నిజమే. వాన రోజున బురదలో బ్రేకు లాగిన చక్రం ఏడాది పాటు నీరు పారే గాడి చేస్తుంది. అయితే ఏ కాలూ పడని గాడిదబాటను ముళ్లకంప మింగడానికి పది పదిహేనేళ్లు చాలు. 250 వాట్ల మోటారు, గంటకు 25 కిలోమీటర్ల దాకా సాయం చేసే ఎలక్ట్రిక్ సైకిలును ఐరోపా చట్టం మామూలు సైకిలుగానే చూస్తుంది. దానితో వాలు లెక్కలు తారుమారయ్యాయి. ఎవరూ ఎక్కని ఏటవాలుల మీద ఇప్పుడు అరవయ్యేళ్లవాళ్లు కనిపిస్తున్నారు, బ్యాటరీ అయిపోయిన చోట మాత్రం పాతిక కిలోల ఇనుము తోసుకుంటూ.

ఈ కొండల్లో కొన్నిటికి చేరడానికి రైలు మంచి మార్గం, కానీ వేగమైన రైలు కాదు. హైస్పీడు రైళ్లలో సైకిలును విప్పి సంచిలో కట్టాలి. మాడ్రిడ్ నుంచి సెర్సెదీయా వెళ్లే లోకల్ రైల్లోకి మాత్రం అలాగే తోసుకుని ఎక్కొచ్చు. దిగి అడవిదారి పట్టి 1,796 మీటర్ల ఫ్వెన్‌ఫ్రియా కనుమకు మధ్యాహ్నానికి చేరతారు. తెరుయేల్ వైపు సరగోసా, వాలెన్సియాల మధ్య నిదానంగా నడిచే లైను ఉంది. దానికి సమాంతరంగా చాలా దూరం ఇంకో లైను ఉండేది. ఒహోస్ నెగ్రోస్ గనుల కంపెనీకి, ఉన్న రైల్వేకి కిరాయి బేరం కుదరక, కంపెనీ సగుంతో రేవు దాకా దాదాపు 200 కిలోమీటర్ల సొంత పట్టాలు వేసుకుంది. 1907లో మొదలై 1972లో మూతపడిన ఆ లైను ఇప్పుడు సుమారు 160 కిలోమీటర్ల పచ్చబాట, దేశంలోని పొడవైన వాటిలో ఒకటి. ఖనిజం బరువుతో దిగాలని వేసిన దారి గనుక వాలు ఎక్కువగా సముద్రం వైపే. తెలివైనవాళ్లు బేరం కుదరని ఆ పాత రైల్వేలోనే టికెట్టు కొనుక్కుని పైకెళ్లి, కంపెనీ వేసిన వాలు మీద కిందికి వస్తారు.